బెత్తెడు పైన కట్టిన కట్టు

మా స్కూల్లో శనివారం తెల్ల డ్రెస్సు. పిల్లలకి తెల్ల చొక్కాలు, పీఈటీని కాబట్టి నాకు తెల్ల ట్రాక్ సూటు. ఉద్యోగంలో చేరిన కొత్తలో శనివారం అంటే నాకు పండగే. గ్రౌండులో సిమెంటు దిమ్మ ఎక్కి విజిల్ వేస్తే వందల చేతులు ఒక్కసారి పైకి లేచేవి. నేను జిల్లా కబడ్డీ జట్టులో ఆడినదాన్ని. జాలరిపేటలో మా వీధిలో చేపల గంప ఎత్తకుండా జీతం తెచ్చిన మొదటి ఆడపిల్లని. మిగతా టీచర్లకి డిగ్రీలు ఉద్యోగం ఇచ్చాయి, నాకు నా ఒళ్లు ఇచ్చింది. ఆ పొగరు నాకు కొంచెం ఎక్కువగానే ఉండేది.

తొంభైల నడిమిలో మూడేళ్ల తేడాతో ఇద్దరు పిల్లలు పుట్టారు, రెండూ సిజేరియన్లే. ఆ తర్వాత తెల్ల ట్రాక్ పాంటు నాకు పగైపోయింది.

నేను చెప్పేది పొట్ట గురించి కాదు. పొట్ట అందరికీ వస్తుంది, దాని గురించి అందరూ మాట్లాడుకుంటారు. పొత్తికడుపు దాటాక, తొడలు కలిసే చోటికి పైన, ఆడవాళ్లకి ఒక మెత్తటి ఎత్తు ఉంటుంది చూడండి, దాని గురించి. మా పేటలో దానికున్న మాటలన్నీ కుళాయి దగ్గర తగవుల్లో తిట్టుకునేవే, మర్యాదగా చెప్పుకోవడానికి ఒక్కటీ లేదు. ఆపరేషన్ గీత లోపలికి లాక్కుపోయి, దాని కింద ఆ భాగం ముందుకు పొంగి కిందికి వాలిపోయింది. చీరలో తెలియదు. ట్రాక్ పాంటులో మాత్రం దూరం నుంచే తెలిసిపోతుంది. ఎండాకాలం ఆ మడతలో చెమట పట్టి, ఒరుసుకుపోయి, సాయంత్రానికి నడవలేనంత మంట.

ఒక శనివారం తొమ్మిదో తరగతి ఆడపిల్లలు స్టోర్ రూం వెనక నవ్వుకుంటున్నారు. "వాలీబాల్ ఒకటి తక్కువైందట. మేడం పాంట్లో ఎతకండే" అంటోంది ఒకర్తె. నేను తలుపు ఇవతల లెక్క రాసే పుస్తకం పట్టుకుని నిలబడి ఉన్నాను. బయటికొచ్చి, ఏమీ విననట్టే, ఆ నలుగురి చేతా గ్రౌండు చుట్టూ పది రౌండ్లు కొట్టించాను. నాలుగో రౌండుకి ఒక పిల్ల వాంతి చేసుకుంది. అప్పుడు కూడా నాకు జాలి కలగలేదు. తర్వాత కలిగింది, కానీ ఆ పిల్లకి అది తెలియదు కదా.

మా ఆయన స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేసేవాడు. ఎలమంచిలి వైపు మనిషి, మెత్తనివాడు. ఒకసారి తెగించి అడిగాను, నీకేమీ అసహ్యంగా లేదా అని. "నాకేటీ కనబడ్డం లేదే" అన్నాడు, అన్నం కలుపుకుంటూ. అబద్ధం కాదది. నేను కొత్త చీర కట్టినా, జుట్టు సగం కత్తిరించుకున్నా కూడా ఆయనకి కనబడేది కాదు. అందుకని ఆ మాట నాకేమీ పనికి రాలేదు.

ఇప్పుడు అమ్మ సంగతి చెప్పాలి. అమ్మ చేపలమ్మేది. హార్బర్లో వేలం పాడి, గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లోకి పోయేది. దానితోపాటు ఆమెకి ఇంకో పేరుంది పేటలో. బాలింతలకి నడికట్టు కట్టడంలో ఆమెని మించినవాళ్లు లేరు. పురిటి స్నానం అయ్యాక, ఉతికి మెత్తబడిన పాత నేతచీరని నాలుగు మడతలేసి, బాలింతని వెల్లకిలా పడుకోబెట్టి, తుంటి ఎముకల కిందుగా మొదలుపెట్టి పైకి చుట్టుకొచ్చేది. బిగించేటప్పుడు ఊపిరి వదలమనేది. ముడి ఎడం పక్కకి. కట్టయ్యాక రెండు వేళ్లు లోపలికి దూర్చి చూసేది, దూరితే విప్పి మళ్లీ మొదటి నుంచీ కట్టేది. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. పేటలో సన్నటి నడుముతో గంప ఎత్తుకుపోతున్న ఆడదాన్ని చూపించి, "అది నా కట్టే" అని మురిసిపోయేది.

నా మొదటి కానుపు ఆమెకి పెద్ద పరీక్ష అయిపోయింది. అప్పటిదాకా ఆమె కట్టినవాళ్లంతా మామూలుగా కన్నవాళ్లే. కుట్లున్న కడుపు మీద చెయ్యి వేయడం అదే మొదలు. కుట్లు విప్పించుకుని ఇంటికొచ్చాక చీర మడతలేసుకుని చాలాసేపు నా కడుపు వైపు చూస్తూ కూర్చుంది. చివరికి ఆ గీతని ముట్టుకోకుండా, ఎప్పుడూ కట్టే చోటికి బెత్తెడు పైన కట్టింది. "కత్తి పడ్డ కాడ బిగిస్తే సీము పడతాది. కుట్ల జోలికి ఎల్లకుండా ఎలగ కట్టినానో సూడు" అని అద్దం తెచ్చి చూపించింది. రెండో కానుపుకీ అలాగే కట్టింది. నలభై రోజులు నేను ఆ కట్టు విప్పలేదు.

స్టాఫంతా రుషికొండ పిక్నిక్కి వెళ్లిన రోజుకి నా రెండోదానికి రెండేళ్లు. నేను సముద్రం ఒడ్డున పుట్టినదాన్ననే ధీమాతో అందరికన్నా ముందుకెళ్లి నిలబడ్డాను. వచ్చిన కెరటం నడుము దాకా కొట్టి, చీర ఒంటికి అతుక్కుపోయింది. కొత్తగా చేరిన లెక్కల టీచరు మంచి అమ్మాయి, తువ్వాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "మేడం, జాగ్రత్త, ఎన్నో నెల?" అంది మెల్లగా, నా చెవిలో. నాతో ఏదో రహస్యం పంచుకుంటున్నట్టు నవ్వింది పాపం. మూడో నెల అన్నాను. అలా ఎందుకన్నానో నాకే తెలియదు. కాదని చెబితే మరి అదేమిటో చెప్పాల్సి వచ్చేది.

తిరుగు ప్రయాణంలో గోపాలపట్నంలో మా ఇంటి దాకా వెళ్లకుండా పేట దగ్గర బస్సు దిగిపోయాను. అమ్మ గుమ్మం ముందు కూర్చుని అమ్ముడుపోని చేపలకి ఉప్పు పట్టిస్తోంది. తడి చీరతో ఆమె ముందు నిలబడ్డాను. కోపం వస్తే నాకు స్కూలు తెలుగు పోయి పేట తెలుగు వచ్చేస్తుంది.

"నువ్వు కట్టిన కట్టే ఇదంతా సేసింది" అన్నాను. "పైన బిగించీసి కొవ్వంతా కిందకి తోసీసినావ్. ఊరందరికీ బాగా కట్టినావ్. కడుపున పుట్టిన దాన్ని పాడు సేసీసినావ్. ఇంక ఎవలికీ కట్టకు నీ కట్లు."

పక్కింటి పిన్ని వింటూనే ఉంది. అమ్మ ఉప్పు చేతులు అలాగే గాల్లో పెట్టుకుని నన్ను చూసింది. నా మొహం కాదు, చీర అతుక్కున్న చోటు చూసింది. ఆమె అంతకుముందు దాన్ని చూసినట్టు లేదు. "సీర తడిసిపోనాది గదా, మార్చుకుంటావేటి?" అంది. నేను మార్చుకోలేదు. తడి చీరతోనే ఇంకో బస్సెక్కాను. నేను చెప్పిందాంట్లో తప్పేమీ లేదని దారి పొడుగునా నాకు నేనే చెప్పుకున్నాను.

రెండేళ్లు గడిచాయి. మామయ్య కూతురు పురుడు పోసుకుంటే చూడ్డానికి పేటకి వెళ్లాను. లోపల ఎవరో ముసలామె నడికట్టు కడుతోంది, చుట్లు జారిపోతున్నాయి, పిల్ల అమ్మా అని మూలుగుతోంది. అమ్మ బయట అరుగు మీద కూర్చుని మనవరాలి జడ అల్లుతోంది. నువ్వెందుకు కట్టలేదని అడిగితే, "నాకు సేతులు నొప్పులు" అంది. పొద్దున్నే ఆ చేతులతోనే గంప ఎత్తుకుంది. పిన్ని నన్ను పక్కకి పిలిచింది.

"మీ యమ్మ కట్లు మానీసి రెండేళ్లు అయిపోనాది. ఎవలొచ్చి అడిగినా ఇనదు. కాళ్లు పట్టుకున్నా కట్టదు. నీకు తెల్దేటి?"

తెలియదు. తెలిసిన ఆ క్షణాన అమ్మ దగ్గరికి వెళ్లి ఒక్క మాట అని ఉండాల్సింది. కానీ ఏమని? తప్పు ఆమెదేనని నేను ఇంకా నమ్ముతూనే ఉన్నాను. నమ్మకం ఉంచుకుని క్షమించేసినట్టు మాట్లాడటం నాకు చేతకాదు. పసిబిడ్డని ఎత్తుకుని, దాని చేతిలో పది రూపాయలు పెట్టి వచ్చేశాను.

ట్రాక్ సూటు మానేసి చీర మీద కాన్వాస్ బూట్లు వేసుకుని డ్రిల్లు చేయించడం మొదలుపెట్టాను. అది చాలాకాలం నడిచింది. ఆపైన కొత్త ప్రిన్సిపల్ వచ్చి, పీఈటీలు ట్రాక్ సూట్లోనే ఉండాలని సర్క్యులర్ పెట్టింది. అప్పటికి రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయింది. పేపర్లో ఆడవాళ్ల పేజీలో ఎవరో నాలాంటామె అడిగిన ప్రశ్నకి డాక్టరు ఇచ్చిన జవాబు పడింది. ఆ భాగాన్ని తగ్గించి, సరిచేసే ఆపరేషన్ ఉందని. ఆ ముక్క కత్తిరించి విజిల్ పెట్టుకునే డబ్బాలో అడుగున దాచాను. రోజూ విజిల్ తీసేటప్పుడు చూసుకునేదాన్ని. ఆరు నెలల తర్వాత ధైర్యం చేసి వెళ్లాను.

ప్లాస్టిక్ సర్జన్ అంటే సినిమావాళ్లు ఉంటారనుకున్నాను. వరండా నిండా కాలిన గాయాలవాళ్లు. స్టవ్ పేలి మెడ, గడ్డం అతుక్కుపోయిన ఒకామె నా పక్కన కూర్చుని, "నీకేటయ్యిందమ్మా?" అని అడిగింది. కడుపులో గడ్డ అన్నాను. ఆమె అయ్యో అంది. ఆ మెడతో ఆమె నాకోసం బాధపడుతుంటే లేచి వెళ్లిపోదామనిపించింది. వెళ్లలేదు.

డాక్టరు ఆడమనిషి, నా వయసే. తెర లాగి, పడుకోబెట్టి చూసింది, నిలబెట్టి చూసింది. ముఖంలో ఏ మార్పూ లేకుండా చూసింది. నాకు అది చాలా గొప్ప మర్యాదలా అనిపించి కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత కాగితం మీద బొమ్మ వేసి చెప్పింది. పాత గీత వెంబడే కోసి, ఎక్కువైన చర్మం, కొవ్వు తీసేసి, మిగిలిందాన్ని పైకి లాగి లోపలి గట్టి పొరకి కుట్టేస్తారట. నీరు పోవడానికి రెండు గొట్టాలు పెడతారు. ఆరు వారాలు పరుగు, గెంతు లేదు. కొన్నాళ్లు అక్కడ స్పర్శ ఉండకపోవచ్చు, కొందరికి ఎప్పటికీ పూర్తిగా రాకపోవచ్చు. ప్రాణానికి అవసరమైన ఆపరేషన్ కాదని, ఆలోచించుకుని రమ్మని చెప్పింది.

నేను బట్టలు సర్దుకుంటూ, ఇదంతా మా అమ్మ నడికట్టు పైకి కట్టడం వల్ల వచ్చిందన్నాను. ఆమె కలం పక్కన పెట్టింది.

"అలా కాదండీ. గుడ్డ కడితే కొవ్వు ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లదు. మీ కుట్టు లోపల అతుక్కుపోయింది, అందుకని గుంట పడింది. ఒళ్లు కూడా కొంచెం చేశారు. అసలు కొందరికి పుట్టుకతోనే ఈ తీరు ఉంటుంది. మీ అమ్మగారికి ఇలా ఉందా?"

"మా అమ్మ కర్రలా ఉంటుందండీ" అన్నాను. నిజానికి నేనెప్పుడూ చూడలేదు. ఎగ్గట్టిన చీర కింద కనబడే ఆ సన్నటి పిక్కల్ని చూసి చెప్పాను.

అక్కడి నుంచి నేరుగా పేటకి వెళ్లాను. ఈసారి చెప్పడానికి నిజం ఉంది నా దగ్గర. అమ్మ ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. నీ కట్టు వల్ల కాదమ్మా, నేనే తెలియక అన్నాను, అని కూడా అన్నాను. ఆమె శ్రద్ధగా వింది. తల ఊపింది.

"నాను బాద పడతన్నానని సెప్తన్నావ్ నువ్వు" అంది. "నాకు తెల్దేటి? నా సేత్తో కట్టినాను. ఆ బెత్తెడు కిందకి కట్టీసుంటే ఇంతొచ్చీది కాదు. బయ్యమేసి పైన కట్టినాను."

"డాక్టరు చెప్పిందే."

"డాక్టర్లు మంచిగా సెప్తారమ్మా. కోయించీసుకో నువ్వు. పిల్లల్ని నాను సూసుకుంటాను. నా సేత్తో పాడైంది, ఆరి సేత్తో బాగవనీ."

మళ్లీ చెప్పాను, గొంతు పెంచి కూడా చెప్పాను. గొంతు పెంచితే ఎలా నమ్ముతుంది, అంతకుముందు నేను గొంతు పెంచి చెప్పినదాన్నే కదా ఆమె ఇన్నేళ్లూ నమ్మింది. ఆ రోజు నుంచి మా ఇంటికి వచ్చినప్పుడల్లా, ఆపరేషన్ ఎప్పుడు, ఎప్పుడు అని ఒకటే అడగడం. చీరలు సర్దుకుని సిద్ధంగా ఉంది. మనవలకి ఏం వండాలో మా ఆయన్ని అడిగి పెట్టుకుంది.

అప్పటిదాకా ఆ ఆపరేషన్ నాది. తెల్ల పాంటు వేసుకుని దిమ్మ ఎక్కడం కోసం, నా కోసం. ఇప్పుడు చేయించుకుంటే, నువ్వు పాడుచేసింది కత్తితో సరిచేయించుకున్నానని అమ్మకి రాసిచ్చినట్టు. మానేస్తే, నన్ను చూసినప్పుడల్లా ఆమె తన తప్పునే చూస్తుంది. ఏ దారిలో వెళ్లినా ఆమెకి నొప్పి తప్పదు. చివరికి వేసవి సెలవుల్లో తేదీ తీసుకున్నాను. కనీసం ఆమె అడగడం ఆగుతుందని.

ఆ తేదీకి పన్నెండు రోజులుందనగా అమ్మ హార్బర్లో వేలం దగ్గర కూలిపోయింది. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ పోయాయి. కొన్నాళ్లు వార్డులో ఉంచి, ఇంక చేసేదేమీ లేదని పంపించేస్తే గోపాలపట్నంలో మా ఇంటికి తెచ్చుకున్నాను. డాక్టరమ్మ ఆస్పత్రికి ఫోన్ చేసి రావడం లేదని చెప్పాను. మళ్లీ ఏ తేదీ రాయమంటారని అడిగారు. చెబుతానన్నాను.

మొదటి వారం తడిగుడ్డతో తుడిచాం. తర్వాత ఒక ఆదివారం పొద్దున్న, ఎండ బాగా వచ్చాక, ప్లాస్టిక్ కుర్చీ బాత్రూంలో వేసి మా ఆయన ఎత్తి కూర్చోబెట్టి బయటికి వెళ్లిపోయాడు. మా పేటలో ఆడవాళ్లు ఎవరి ముందూ బట్ట విప్పరు. లంగా గుండెల మీదికి కట్టుకుని దాని మీదే నీళ్లు పోసుకుంటారు, లోపల్లోపలే రుద్దుకుంటారు, పొడి లంగా తల మీంచి వేసుకుని తడిది కిందికి వదిలేస్తారు. నలభై ఏళ్లు వచ్చాయి నాకు, అమ్మ ఒంటిని చూడటం అదే మొదలు. నీళ్లు పోసేసరికి లంగా బరువెక్కి కాళ్లకి చుట్టుకుపోయింది. ఒక్క చేత్తో ఆమె లేవలేకపోయింది. ముడి విప్పి తీసేశాను.

ఎండిపోయిన ఆ సన్నటి ఒంటికి అక్కడొక్కచోట, నాకున్నదే ఉంది. అలాగే ముందుకు పొంగి, నాకన్నా కిందికి వాలి ఉంది. కత్తి గీత లేదు. మా ఐదుగురినీ ఇంట్లోనే కన్నది, ఐదుసార్లూ మా అమ్మమ్మ సరైన చోట కట్టు కట్టింది. మడత ఎత్తి కడిగితే చర్మం నల్లగా మొద్దుబారి ఉంది, ఎండలో మైళ్లకొద్దీ నడిచి ఏళ్ల తరబడి ఒరుసుకుపోయిన చోటు. నాకు అక్కడ ఎంత మండుతుందో తెలుసు. ఆమె ఏనాడూ ఎవరితోనూ అనలేదు.

చెంబు కింద పెట్టి ఆమె ముందు కూర్చుండిపోయాను. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. "అమ్మా, నాది నీ పోలికే" అన్నాను. "కట్టు కాదమ్మా. సూడు, నీకూ ఉంది. నీ పోలికే వచ్చింది నాకు, అంతే. నువ్వేటీ పాడు సేయలేదు."

అమ్మ నా నోటినే చూసింది. మాటలు అందాయో లేదో. ఆమె ఎడం చెయ్యి కుర్చీ పక్కన తడుముకుంటూ వెళ్లి, కొక్కేనికి వేలాడుతున్న తువ్వాలు అంచు పట్టుకుని లాగింది. లాక్కొచ్చి ఒళ్లో వేసుకుని, ఆ చోటు కనబడకుండా అదుముకుంది. నేను కడగడానికి తువ్వాలు తీశాను. మళ్లీ లాక్కుంది. ఆ పైన తువ్వాలు ఉంచే నీళ్లు పోశాను.

ఆపరేషన్‌కి నేను మళ్లీ వెళ్లలేదు. గొప్ప జ్ఞానం ఏదో వచ్చి కాదు. అద్దంలో అది నాకు ఇప్పటికీ నచ్చదు, ఎండాకాలం ఇప్పటికీ మండుతుంది. కానీ కోయించుకునే ఆలోచన వచ్చినప్పుడల్లా అమ్మది కోస్తున్నట్టుంటుంది.

ఆమె ఇంకో నాలుగు నెలలు బతికింది. స్నానం చేయించిన ప్రతిసారీ చెప్పాను, ఇది మన ఇంటి తీరమ్మా, నీ తప్పు కాదని. చెప్పిన ప్రతిసారీ ఆ ఎడం చెయ్యి తువ్వాలు కోసం వెతుక్కునేది. నేను చెప్పింది ఆమెకి ఊరటలా వినబడిందో, ఆమె ఒంటిని కూడా ఎత్తిచూపుతున్న ఇంకో నిందలా వినబడిందో నాకు తెలియదు.